‘చెవిలో మోత ఉందా?’ అని పిల్లలను మనమే అడగాలా?

తాటిముంజె: మా తొమ్మిదేళ్ల అబ్బాయికి తరచూ జలుబు. చెవులు చూసిన డాక్టరు “లోపల ఏదైనా మోత వినిపిస్తుందా?” అని అడిగారు. “ఈల లాగా ఉంటుంది, అందరికీ ఉండేదే కదా” అన్నాడు. అప్పటి నుంచి వాడికి అదే ధ్యాస, రాత్రి నిద్ర లేదు. అడగకపోతేనే మేలేమో అంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

మెట్టవాగు: అడగకూడదనే నా వాదన. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపించిందన్నారు. పెద్దలే అలా అంటే, అడిగిన పిల్లవాడు అవుననడంలో వింతేముంది? లేని బెంగ మనమే తగిలిస్తున్నాం.

వినికిడిగది: నేను ఆడియాలజిస్టును, వినికిడి పరీక్షలు చేస్తాను. మెట్టవాగు గారూ, ఆ ప్రయోగం నిజమే. నిశ్శబ్దంలో చాలామందికి శబ్దం తోస్తుందని అది చెబుతుంది. పిల్లలను అడగవద్దని చెప్పదు. చిన్నప్పటి నుంచీ ఉన్న మోతను పిల్లలు మామూలే అనుకుంటారు, ఫిర్యాదు చేయరు. కర్ణభేరి వెనక నీరు చేరినా, గులిమి గట్టిపడినా, వినికిడి తగ్గినా, చెవి దగ్గర టపాసు పేలినా మోత రావచ్చు. క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ వల్లా వస్తుంది. మైగ్రేన్, ఆందోళన, చిన్న చప్పుళ్లకే చెవులు మూసుకోవడం కూడా దీంతో కలిసి కనిపిస్తుంటాయి. ఒక్క చెవిలోనే ఉన్నా, నాడిలా కొట్టుకుంటున్నా ఆలస్యం చేయకండి. అడిగే తీరులోనే ఉంది కిటుకు: “మోత ఉందా?” అనకుండా “నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నీకేం వినిపిస్తుంది?” అనండి. లేదా బొమ్మ గీయమనండి. తాటిముంజె గారూ, బాబుకు వినికిడి పరీక్షతో పాటు టింపానోమెట్రీ (కర్ణభేరి ఎలా కదులుతోందో చూసే పరీక్ష) కూడా చేయించండి. పడుకునేటప్పుడు గదిలో ఫ్యానో, మెల్లగా పాటో ఉండనివ్వండి. రోజూ ఆరా తీయవద్దు.

బడిగంట: టీచరుగా ఒక మాట. డిక్టేషన్‌లో వెనకబడే పిల్లలకు ‘పరధ్యానం’ అని ముద్ర వేసేస్తాం. చెవి సంగతి ఎవరికీ తట్టదు. ఏడాదికోసారి తరగతి మొత్తాన్నీ అడిగితే తప్పేమిటి?

మెట్టవాగు: పరీక్ష గదిలో, నిపుణులు అడిగితే సరే, అంతవరకు ఒప్పుకుంటాను. తరగతిలో మాత్రం వద్దు. ఒకడు చెయ్యెత్తితే నలభై చేతులు లేస్తాయి. దానికి బదులు ఇయర్‌ఫోన్ల మోత తగ్గించండి. పిల్లలకు 75 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలే పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బడిగంట: చేతులెత్తించమని ఎవరన్నారు? విడివిడిగా, కాగితం మీద రాయించవచ్చు. ఇయర్‌ఫోన్లు అసలు చూడని పిల్లల సంగతేమిటి మరి?