ఓబీ గుట్ట మీద గుంతల నిండా నల్లమట్టి పోసినా మొక్కలు ఎందుకు చచ్చిపోయాయి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మణుగూరు వైపు ఒక ఓపెన్ కాస్ట్ బొగ్గు గని ఓబీ గుట్ట మీద (బొగ్గు పైనుండే రాళ్లూ మట్టీ తవ్వి తెచ్చి పోసిన గుట్ట), అనుమతి తీసుకుని, నిరుడు మా బడి పిల్లలతో 400 మొక్కలు పెట్టించాను. వేప, కానుగ, టేకు. రెండడుగుల గుంతలు తీసి చెరువు నల్లమట్టి నింపాం. చలికాలం దాకా కళకళలాడాయి. మే నెలలో సగానికి పైగా ఎండిపోయాయి. పిల్లల మొహం చూడలేకపోతున్నా. ఈసారి మట్టి ఇంకా ఎక్కువ పోయించాలా?

జవాబు: వద్దు సార్. ముందు ఎండిన మొక్కనొకదాన్ని గడ్డపారతో తవ్వి వేరు చూడండి.

అడిగినవారు: మూడు తవ్వాను. మూడింటికీ వేరు గుంత లోపలే చుట్టలు చుట్టుకుని ఉంది. బయటికి పోనేలేదు.

జవాబు: మీరు పోసింది మంచి మట్టే, కానీ గుంత కుండీ అయిపోయింది. డంపర్లు, డోజర్లు తిరిగి తిరిగి గుట్ట పైభాగం రోడ్డులా బిగుసుకుపోతుంది. వానాకాలం గుంతలో నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం నల్లమట్టి నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. వేరు బయటి రాతిమట్టిలోకి దిగితేనే మొక్క వేసవి దాటుతుంది.

వానలకు ముందే డోజరు రిప్పర్‌తో (వెనక ఉండే ఉక్కు కొమ్ముతో) నేలను లోతుగా చీల్పించండి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. గుంతలో సగమే చెరువు మట్టి, మిగతా సగం పెద్ద రాళ్లు ఏరేసిన గుట్ట మట్టి, ఒక గంపెడు మాగిన పశువుల ఎరువు కలిపి పోయండి. రెండడుగుల గుంతకు 8 ఘనపుటడుగులు, 400 గుంతలకు 3200. సగం చాలు కాబట్టి 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టర్ ట్రక్కులు 32 కాదు, 16 సరిపోతాయి. టేకు మాత్రం వద్దు, దానికి లోతైన నేల కావాలి.

ఇంకొకరు: గని తవ్వే ముందు తీసి పక్కన పోసిన పైమట్టి దొరుకుతుందేమో అడగండి సార్. అందులో గడ్డి విత్తనాలు, వేళ్లకు సాయపడే సూక్ష్మజీవులు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎత్తుగా పోసిన కుప్ప లోపలి మట్టిలో ఆ జీవం తగ్గిపోతుంది, అందుకే కొత్త కుప్ప మేలు. దొరక్కపోతే బాగా పెరిగిన కానుగ చెట్టు కింది మట్టి గుప్పెడు చొప్పున కానుగ గుంతల్లో వేయండి. దయచేసి పొలాల పైమట్టి మాత్రం తేవద్దు. ఇక్కడ చెట్టు కోసం అక్కడ పంట పోగొట్టినట్టవుతుంది. గుట్ట మట్టికి పరీక్ష కూడా చేయించండి. కొన్ని చోట్ల బొగ్గు పొర దగ్గరి రాతిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది, గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది. అలాంటి చోట సున్నం వేయకుండా ఎంత మట్టి పోసినా లాభం లేదు.

అడిగినవారు: చాలా థ్యాంక్స్. బతికిన మొక్కలను ఏం చేయమంటారు?

జవాబు: పీకొద్దు. మొదటి వానకు నేల మెత్తబడ్డాక గుంత గోడను ఒక పక్కన గడ్డపారతో అడుగు వెడల్పున పగలగొట్టి వదులు చేయండి. రెండో పక్క నెల తర్వాత. ఒకేసారి చుట్టూ తవ్వితే ఉన్న వేళ్లు కూడా తెగుతాయి.