మైకాలజియా పాత సంచికలు చూసినవారు ఎవరైనా ఉన్నారా?

నమస్కారమండీ. డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. శిలీంధ్రాల మీద వచ్చే మైకాలజియా పత్రిక పుట్టుక గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను, సాయం కావాలి.

నాకు తెలిసిన కథ ఇది. 1885లో కెల్లర్‌మన్, ఎల్లిస్, ఎవర్‌హార్ట్ అనే శిలీంధ్ర పరిశోధకులు కలిసి అమెరికాలోని కాన్సాస్ నుంచి జర్నల్ ఆఫ్ మైకాలజీ మొదలుపెట్టారు. 1889లో దాన్ని అమెరికా వ్యవసాయ శాఖ తీసుకుంది. 1894లో ఆగిపోయింది. 1902లో కెల్లర్‌మన్ ఒహాయో నుంచి మళ్ళీ ప్రాణం పోశాడు. 1908లో ఆయన చనిపోయాక, 1909లో దానికి కొనసాగింపుగా న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో మరిల్ సంపాదకుడిగా మైకాలజియా వచ్చింది. అమెరికా చెస్ట్‌నట్ చెట్లను తుడిచిపెట్టిన తెగులుకు 1906లో శాస్త్రీయ వర్ణన రాసింది ఈ మరిల్‌గారే. 1933 నుంచి మైకాలజియా, మైకలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా అధికార పత్రిక.

నన్ను పట్టి లాగుతున్నది ఆ మధ్యలోని ఖాళీ. ప్రభుత్వమే నడిపే పత్రిక ఎందుకు ఆగింది? నిధులా, మనుషులా, లేక శాఖకు పంట తెగుళ్ళు తప్ప మిగతా శిలీంధ్రాలు అక్కర్లేకపోయాయా? మూడోదే అయి ఉంటుందని నా అనుమానం, కానీ ఆధారం లేకుండా రాయలేను కదా.

ఇంకొకటి. మొదటి సంపుటిలో మరిల్ వేయించిన పుట్టగొడుగుల రంగు బొమ్మలు నా దగ్గరున్న స్కాన్‌లో బూడిదరంగులో మరకల్లా ఉన్నాయి, టోపీ కింద రేకులు కూడా విడిగా కనబడవు. న్యూయార్క్‌లోగానీ ఒహాయోలోని కొలంబస్‌లోగానీ చదువుకుంటున్న మనవాళ్ళు ఎవరైనా లైబ్రరీలో అచ్చు ప్రతి చూసి, ఆ పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి పంపగలరా? 1894 చివరి సంచికలో ఆపేస్తున్నట్టు ప్రకటన ఏమైనా ఉంటే అది కూడా పంపితే ఎంతో మేలు చేసినవారవుతారు.