గూఢమైన ఆధారాలతో వచ్చే గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) ఎలా మొదలుపెట్టాలి? జవాబు చూసినా అర్థం కావట్లేదు

కొత్తగడి:
మామూలు పదకేళి నాకు బాగానే వచ్చు. పర్యాయపదాలు అడిగేవి, పురాణాల్లో పేర్లు అడిగేవి చకచకా నింపేస్తాను. కానీ తిరకాసు ఆధారాలు ఇచ్చే పజిల్ దగ్గరికి వచ్చేసరికి ఒకటి అడ్డం దగ్గరే ఆగిపోతున్నాను. జవాబులు వచ్చాక చూసుకుంటే టెన్షన్ ఇంకా ఎక్కువవుతోంది, ఎందుకంటే జవాబు కళ్ళముందున్నా అది ఎలా వచ్చిందో తెలియట్లేదు.

ఒక ఆధారం "వెనుదిరిగిన కోతి (3)", అంటే మూడక్షరాల జవాబు. జవాబు గళ్ళలో "రంనవా" అని వేశారు. అలాంటి మాట ఏ నిఘంటువులోనూ లేదు. ఇంకొకటి "స్వప్నం వెంట దేవుడిచ్చినది వచ్చినా ఆందోళనే (4)". దీనికి కలవరం అట. ఆందోళన అంటే కలవరం, అంతవరకూ సరే, మరి స్వప్నం, దేవుడు ఎందుకొచ్చారు? వీటికి రూల్స్ లాంటివి ఉన్నాయా, లేక ఏళ్ళ తరబడి చేస్తూ పోతే అదే వస్తుందా? నిజంగా నేర్చుకోవాలని ఉంది, ఎవరైనా మొదటి నుంచి చెప్పగలరా?

అడ్డం_నిలువు:
రూల్స్ ఉన్నాయండీ, పెద్ద కష్టమైనవి కూడా కావు. మీరిచ్చిన రెండో ఆధారంలోనే సగం పాఠం ఉంది కాబట్టి దాన్నే తీసుకుందాం.

ముందు ఆధారాన్ని వాక్యంలా చదవడం మానేయండి. ఆ వాక్యం చెప్పే కథ మిమ్మల్ని పక్కదారి పట్టించడానికే. దాన్ని ముక్కలు చేయాలి. ఒక ముక్కలో జవాబుకి సూటి అర్థం ఉంటుంది, మిగతా ముక్కలో ఆ జవాబుని అక్షరాలతో ఎలా కట్టాలో ఉంటుంది. ఇక్కడ "ఆందోళన" సూటి అర్థం. స్వప్నం అంటే కల, దేవుడిచ్చినది వరం, "వెంట" అన్నారు కాబట్టి కల తర్వాత వరం. కల + వరం = కలవరం. అంతే, ఒక్క మాట కూడా వృథాగా లేదు.

నాకు ఈ రకం పజిల్స్ మీద ఇంత ఇష్టం ఎందుకంటే, మామూలు పదకేళిలో "ఆందోళన (4)" అని ఇస్తే కలవరమా, తత్తరపాటుకి దగ్గరగా ఇంకేదైనా మాటా అని నిలువు ఆధారాలు తేలేదాకా సందేహంతో కూర్చోవాలి. ఇక్కడ ఒకే జవాబుకి రెండు దారులుంటాయి. రెండూ ఒకేచోట కలిశాయంటే పెన్నుతో రాసేయొచ్చు.

సూటి అర్థం దాదాపు ఎప్పుడూ ఆధారం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. అందుకని మొదటి మాటనీ చివరి మాటనీ విడిగా పెట్టుకుని, ఒక్కోదానికి సరిపోయే మాటలు అనుకుంటూ పోండి. మిగిలిన దాంట్లో సూచన మాట కోసం వెతకండి. తిరిగి, వెనక్కి, అటునుంచి లాంటివి కనిపిస్తే అక్షరాలు తిరగేయాలి. తడబడి, చెదిరి, గందరగోళం అంటే అక్షరాలు కలిపేసి మళ్ళీ పేర్చాలి. దాగిన, కడుపులో, మధ్యన అంటే జవాబు అక్కడే కళ్ళెదుట ఉందని. తల తెగింది, మొదలు లేదు అంటే మొదటి అక్షరం తీసేయాలి.

"రామాయణంలో దాగిన భ్రమ (2)" చూడండి. చదవగానే బుద్ధి బంగారు లేడి మీదికో, మారీచుడి మీదికో పోతుంది. అవేం అక్కర్లేదు, రామాయణం అన్న మాటలో రెండు, మూడు అక్షరాలు చదివితే మాయ. అలాగే "గందరగోళమైన నవల కారణంగా (3)". నవలని చెదరగొడితే వలన.

పాతగళ్ళు:
పైన బాగా చెప్పారు. కానీ "రంనవా" సంగతి మిగిలిపోయింది, అది తెలుగులో మొదలుపెట్టేవాళ్ళందర్నీ ఆపేసే చోటు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇంగ్లీషులో ఈ తిరకాసు పజిల్‌ని క్రిప్టిక్ అంటారు, అందులో గళ్ళలోకి వెళ్ళేది దాదాపు ఎప్పుడూ ఒక అసలైన మాటే. తెలుగులో అలా కాదు. జవాబునే తిరగేసో, తడబరచో గళ్ళలో వేయమనే పద్ధతి మనకి ఎప్పటినుంచో ఉంది. కోతి అంటే వానరం, వెనుదిరిగింది కాబట్టి గళ్ళలో రంనవా. నిలువు ఆధారమైతే "తలకిందులైంది", "కింది నుంచి" అంటారు. గుణింతాలు, ఒత్తులతో మన అక్షరాలు అన్ని రకాలు కాబట్టి అడ్డానికీ నిలువుకీ పొత్తు కుదర్చడం కూర్పరికి, అంటే పజిల్ తయారుచేసేవాళ్ళకి, చాలా కష్టం, ఆ వెసులుబాటు అందుకే వచ్చిందని నా ఉద్దేశం.

మరి ఎప్పుడు తిరగేసి వేయాలి, ఎప్పుడు తిరగేస్తే ఇంకో మాట వస్తుంది? దీనికి ఒక పరీక్ష ఉంది. సూచన మాట పక్కన పెట్టాక ఎన్ని అర్థాలు మిగిలాయో చూడండి. "వెనుదిరిగిన కోతి"లో కోతి ఒక్కటే మిగిలింది, ఇంకో అర్థం లేదు, కాబట్టి దాన్నే తిరగేసి వేయాలి. "తిరగేసిన కలప మీద ఓనమాలు దిద్దొచ్చు (3)" అన్నారనుకోండి, కలప ఒకటి, ఓనమాలు దిద్దేది ఇంకొకటి. రెండున్నాయి కాబట్టి కలపని తిప్పితే వచ్చే పలక జవాబు.

ఇంకో ముఖ్యమైన విషయం, గడిలో పడేది పూర్తి అక్షరం. గుణింతం దాన్ని అంటిపెట్టుకునే కదులుతుంది. సరదాని కలగలిపితే దసరా వస్తుందని చాలామందికి అనిపిస్తుంది, కానీ రాదు. సరదాలో ఉన్నది దా, ర. దసరాకి కావాల్సింది ద, రా. కాగితం మీద ఒక్కో అక్షరం విడివిడిగా గుండ్రంగా రాసుకుంటే ఈ తేడా వెంటనే దొరుకుతుంది, మొదటి నుంచి వరుసగా చదివే అలవాటు కూడా పోతుంది.

అలాగే తెలుగు మాటలు ణ, ళలతో మొదలవ్వవు. ఒక మాట మొదటి గడిలో ణ పడిందంటే, నింపినదాంట్లో ఏదో తప్పుంది, లేదా ఆ మాటని తిరగేసో తడబరచో వేయాలి. ఈ ఒక్క గుర్తుతోనే చాలా చిక్కులు విడిపోతాయి.

వీలైతే శ్రీశ్రీ స్వాతి మాసపత్రికలో నడిపిన పదబంధ ప్రహేళిక, ఆరుద్ర గళ్ళనుడికట్టు పాతవి సంపాదించి చేయండి. శ్లేషని ఎంత దూరం లాగొచ్చో అక్కడ తెలుస్తుంది. అర్థం మొదట్లోనో చివర్లోనో ఉండాలన్న నియమాన్ని తెలుగు కూర్పరులు అందరూ పాటించరు, అది మనసులో పెట్టుకోండి.

చుక్కగడి:
నా సలహా ఒక్కటే. మొదట్లో జవాబులు దగ్గర పెట్టుకునే చేయండి. కాసేపు ఆలోచించి, రాకపోతే జవాబు చూసి, ఆ జవాబు ఎందుకు సరైందో ఒక వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఇక్కడ అడగండి.

ఇంగ్లీషువి కూడా చేయాలనుంటే గార్డియన్ పత్రిక 2024లో మొదలుపెట్టిన క్విక్ క్రిప్టిక్ కొత్తవాళ్ళ కోసమే, ఆ పజిల్‌లో ఏయే కిటుకులు వాడారో ముందే చెప్పేస్తారు. కాకపోతే అక్కడ డాక్టర్ అంటే డీఆర్, ఉత్తరం దిక్కు అంటే ఎన్, ఇలా పొడి అక్షరాల జాబితా ఒకటి వంటబట్టాలి. తెలుగులో ఆ బాధ లేదు.

పాతగళ్ళు:
జవాబులు దగ్గర పెట్టుకోవడం నేను ఒప్పుకోను. రాని ఆధారాన్ని వదిలేసి మర్నాడు చూస్తే, నిన్న మనల్ని పట్టేసిన కథ వదిలిపోయి మాటలు విడివిడిగా కనిపిస్తాయి. జవాబు చూసేస్తే ఆ ఆనందం మళ్ళీ రాదు.

చుక్కగడి:
అనుభవం ఉన్నవాళ్ళకి అది నిజమేనండీ. కానీ ఒక్క ఆధారమూ విప్పనివాళ్ళకి మర్నాడు చూసినా అదే గోడ. ముందు ఓ పది రకాలు చూపిస్తేనే కదా వెతకాల్సిందేమిటో తెలిసేది. కొత్తగడి గారూ, వీటిని ప్రయత్నించండి, జవాబులు ఇవ్వట్లేదు:
యంత్రం తిప్పితే లక్ష్మి ప్రత్యక్షం (2)
కడప తిరిగొస్తే మంచమే (3)
మునగ రంగులో దాగిన పట్టణం (3)
వాటా తాగొచ్చు (2)

కొత్తగడి:
అందరికీ చాలా థాంక్సండీ. యంత్రం మర, తిప్పితే రమ! ఇది రాగానే భలే సంతోషమేసింది. కడప తిరిగితే పడక. మునగ రంగులో మధ్య మూడు అక్షరాలు, నగరం. నాలుగోది మాత్రం రావట్లేదు. తిరగేయడానికీ చెదరగొట్టడానికీ సూచన మాటే లేదు. తాగొచ్చు అంటే నీరు, టీ... వాటాకి సంబంధం కుదరట్లేదు.

అడ్డం_నిలువు:
సూచన లేదని మీరే కనిపెట్టారు, ఆ పరిశీలనే తాళంచెవి. సూచన లేకుండా ఇంత పొట్టిగా ఉందంటే రెండు ముక్కలూ సూటి అర్థాలే అయ్యుండాలి, ఒకే మాటకి రెండర్థాలు. నాకు రావాల్సిన పాలు అంటాం కదా, ఆస్తిలో వాటా. తాగేవీ పాలే. రెండు మూడు మాటల్లో ముగిసే ఆధారం కనిపిస్తే ముందు ఇదే అనుమానించండి, తెలుగులో ఇలాంటివి బోలెడు.