క్లైన్ కురసావ్‌కు పడవలో అమ్మను తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: వచ్చే నెల కరేబియన్ సముద్రంలోని కురసావ్ దీవికి వెళ్తున్నాం. అక్కడి నుంచి పడవలో వెళ్లే క్లైన్ కురసావ్ అనే చిన్న దీవి, హోటళ్లు, హంగులు లేనిది, చూడాలని నా పట్టుదల. అమ్మకేమో గోదావరి లాంచీ ఎక్కినా కడుపులో తిప్పుతుంది. వెళ్లివచ్చినవారు చెప్పండి.

జవాబు 1: తీసుకెళ్లండి. కానీ వెళ్లేటప్పుడు గాలికి ఎదురు ప్రయాణం, దాదాపు రెండు గంటలు పడవ ఎగిరెగిరి పడుతుంది. తిరుగు ప్రయాణం హాయి. వాంతుల మాత్ర పడవ ఎక్కకముందే వేయాలి, తర్వాత వేస్తే దండగ. అమ్మగారిని వెనుక వైపు కూర్చోబెట్టండి.

జవాబు 2: అలల కంటే ఎండ గురించి ఆలోచించండి. దీవి మొత్తం 1.7 చదరపు కిలోమీటర్లు, నీడ దాదాపు లేదు. 19వ శతాబ్దంలో ఫాస్ఫేటు కోసం తవ్విపోశారు, మిగిలిన పచ్చదనం మేకలు మేశాయి. పడమటి ఒడ్డున నీళ్లు ప్రశాంతం, తాబేళ్లు కూడా కనిపించవచ్చు. పాత లైట్‌హౌస్ దాటి తూర్పు ఒడ్డుకు వెళ్తే తుప్పుపట్టిన నౌక ఉంటుంది. చూడండి, అక్కడ మాత్రం ఈతకు దిగవద్దు. బూట్లు తప్పనిసరి, నేలంతా పగడపు రాళ్లు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. అమ్మ పెరుగన్నం కడతానంటోంది!

జవాబు 2: ఆ ఎండకు పులిసిపోతుంది. పులిహోర కట్టమనండి.