సాంచాల గల్లీలో రికార్డింగ్ గది: మైకు ముందా, గది ముందా?

సిరిసిల్ల కీబోర్డు

అన్నలందరికి నమస్తే. ఐదేండ్ల సంది పెండ్లిళ్లల్ల, బతుకమ్మ ప్రోగ్రాములల్ల కీబోర్డు వాయిస్తున్న. జానపదాలకు రిథమ్ ఇంట్లనే ప్రోగ్రామింగ్ చేసుకుంట, గొంతు మాత్రం కరీంనగర్ పోయి పాడిపిస్తున్న. ఇగ మా మేడ మీది గదినే (10 ఇంటూ 12 ఫీట్లు) స్టూడియో చేద్దామనుకుంటున్న. చేతిల లక్షన్నర ఉన్నది. దోస్తులు 80 వేల కండెన్సర్ మైకు (సన్న సప్పుడు గూడ పట్టేది) చూపెట్టి ‘గిది కొంటే సగం పని అయిపోయినట్టే’ అంటున్నరు. గోడలకు గుడ్ల ట్రేలు కొడితే సరిపోతదా? అసలు తిప్పలేందంటే మా ఎనుక గల్లీల సాంచాలు (బట్ట నేసే మరమగ్గాలు) నడుస్తయి. కిటికీ మూసినా సప్పుడు సన్నగ వస్తనే ఉంటది. పాటకు ఎంత తీసుకోవాల్నో గూడ చెప్పుండ్రి.

డప్పు దరువు, కరీంనగర్

తమ్మీ, స్టూడియో పెట్టి 11 ఏండ్లయింది. నేను గూడ ముందుగాల మైకే కొన్న. పక్కింటామె మిక్సీ, గల్లీల ఆటో, కోడి కూత అన్నీ సాఫ్‌గ రికార్డయినయి. మైకు ఎంత మంచిదైతే అంత దూరందాక వింటది, గదేమో గట్లనే ఉండె.

ముందు ఒక పని చెయ్యి. సాంచాలు నడిచేటప్పుడు చెప్పులిడిచి గదంతా తిరుగు, నేల మీద అరచెయ్యి పెట్టి చూడు. అదురు తెలుస్తుందా? తెలిస్తే అది కిటికీల నుంచే కాదు, పిల్లర్లు పట్టుకొని గూడ ఎక్కుతున్నది. దానికి గోడల మీద ఏం కొట్టినా లాభం లేదు. మైకు స్టాండు కింద మందపు రబ్బరు షీటు, మైకుకు షాక్ మౌంట్ (అదురు తగలకుంట మైకును రబ్బరు తాళ్ల మీద పట్టేది), గొంతుకు 80 హెర్ట్జ్ కింద లో కట్ (ఆ కిందికున్న బొంగురు మోతను తీసేసుడు). గింతే నీ చేతిల ఉన్నది. మిగిలింది టైమే. సాంచాలు ఎప్పుడు బందయితయో నీకే ఎరుక, పాడిచ్చుడు అప్పుడే పెట్టు, ప్రోగ్రామింగ్ పొద్దంత చేసుకో.

ఇంకో ముచ్చట. మా పక్కన పిండి గిర్ని ఉండేది. ఒకనాడు పాట నడుమ కరెంటు పోయింది. గిర్ని ఆగింది, ఫ్యాను ఆగింది. నా ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే డబ్బా) యూఎస్‌బీ కరెంటు మీదనే నడిచేది, మైకుకు 48 వోల్టులు గూడ అదే ఇస్తది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద మూడు చరణాలు తీసినం. గంత సాఫ్ గొంతు ఆ ఏడాది మళ్ల రాలేదు. కొంటే అసొంటి ఇంటర్‌ఫేసే కొను.

గుడ్ల ట్రేలు వద్దు. సప్పుడు ఆపయి, నిప్పంటుకుంటే భగ్గున లేస్తయి. 2 ఇంచుల రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన ఊలు) పలకలు తెచ్చి కట్టె ఫ్రేముల బిగించి పైన బట్ట కుట్టు. సిరిసిల్లల బట్టకు కరువా! కాని గాలి ఆడే బట్ట కావాలె. నోటికి ఆనిచ్చి ఊదు, ఊపిరి అవతలికి పోతేనే తీస్కో. గోడకు ఆనియ్యకుండ కొంచెం జాగ ఇడిసి పెట్టు. పలకలు పట్టేటప్పుడు మాస్కు, గ్లౌజులు ఏసుకో, లేకుంటే రెండు దినాలు గోక్కుంటవు. ఇవి గదిల గొంతు మోగకుంట చేస్తయి గాని, బయటి సప్పుడును ఆపయి. మైకు 10 వేల లోపటిది చాలు. ఇసొంటి గదిల దగ్గరపెట్టి పాడిచ్చే డైనమిక్ మైకే (దూరం సప్పుడును తక్కువ పట్టేది) ఒక్కోసారి నయం.

డప్పు తీసేటప్పుడు మైకు మూడు నాలుగు ఫీట్ల దూరం పెట్టు. 24 బిట్‌ల రికార్డు పెట్టుకొని పీకులు (దరువు గట్టిగ పడ్డప్పటి లెవెల్) మైనస్ 12 డీబీ దగ్గర ఆపు, తక్కువైందని భయపడకు. వానాకాలం రెండు టేకులకే తోలు మెత్తబడి దరువు బొద్దుగయితది. డప్పును మంటకు కాపుకోను మేడ మీద జాగ చూపెట్టు, లేకుంటే డప్పాయన మెట్లు దిగి ఎక్కుడుకే సగం పూట పోతది.

పైసల సంగతి. నేను వాయిస్, మిక్సింగ్ కలిపి పాటకు 6 వేలు తీస్కుంట, ప్రోగ్రామింగ్ గూడ ఉంటే 14 వేలు. సర్పంచ్ ఎన్నికలప్పుడు ఒకాయన పాట చేయించుకొని పదకొండు సార్లు మార్పిచ్చిండు. వాళ్ల బామ్మర్ది పేరు ఇడిసిపెట్టినమని ఒకసారి, గుర్తు పేరు గట్టిగ వినవస్తలేదని ఒకసారి. ఓడిపోయిండు, ఫోన్ ఎత్తుడు బందు. అప్పటి సంది సగం అడ్వాన్సు లేనిది మైకు ఆన్ చెయ్య. పాట రాసిన కాయితం మీద సంతకం, రెండు కరెక్షన్లు ఫ్రీ, మూడోదాని నుంచి 500. మిగిలిన పైసలు వచ్చెదాక నడుమ నడుమ గంట మోగే ఎంపీ3నే పంపుత.

గోదారి గట్టు, రాజమండ్రి

అన్నగారు చెప్పినవి చాలావరకు ఒప్పుకుంటానండీ. ఆ గంట మోత మాత్రం మా దగ్గర నడవదు. మాకు అక్టోబరు, నవంబరుల్లో క్రిస్మస్ పాటల రద్దీ, వచ్చేవాళ్లంతా ఏడేళ్లుగా తెలిసిన సంఘాలవాళ్లే. గంట పెడితే మొహం చూడరు. పాట నమ్మకం మీదే ఇచ్చేస్తాను, మైనస్ ట్రాక్‌కి (గొంతు లేని సంగీతానికి) మాత్రం వేరే తీసుకుంటాను. ఆదివారం ఆరాధనలో పాడుకోడానికి అది ఎలాగూ కావాలి, దాంతోపాటే పాత బాకీ కూడా వచ్చేస్తుంది.

తమ్ముడూ, కరెంటు చూసుకో. మా ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది. అది ఆన్ అయితే చాలు, స్పీకర్లలో జుయ్యిమని మోత. కేబుళ్లన్నీ మార్చి ఆఖరికి ప్యూర్ సైన్ వేవ్‌ది కొన్నాను. ఎర్తింగ్ గొయ్యిలో ఎండాకాలం నీళ్లు పొయ్యడం మర్చిపోకు.

రెండు హార్డ్ డిస్కులు పెట్టుకో, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంకోచోట. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ట్రాకు నిమిషానికి ఇంచుమించు 8.6 ఎంబీ. 40 ట్రాకులు, ఐదు నిమిషాల పాటంటే 1.7 జీబీ. పోతే మళ్లీ పాడించాలి, ఆ పాడినావిడ అప్పటికి దుబాయ్‌లో ఉంటుంది.

కోరస్ అక్క, వరంగల్

స్టూడియోల్లో ట్రాక్ పాడుతుంటాను. ఇంతమంది చెప్పారు, బాత్రూం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. గొళ్లెం పడని బాత్రూం ఉన్న స్టూడియోకి నేను రెండోసారి పోలేదు. తమ్ముడూ, మెట్ల మీద లైటు పెట్టించు, రాత్రి ఎనిమిదికి రమ్మంటే ఎనిమిదికే మొదలుపెట్టు. హెడ్‌ఫోన్లో నా గొంతుకు కాస్త రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) కలుపు, పొడిగా వినిపిస్తే శ్రుతి పట్టడం కష్టం. చెవికి తగిలే ఆ దూది గుడ్డల్ని వారానికోసారి ఉతుకు. ఇచ్చేదెంతో పాడకముందే చెప్పు.

సిరిసిల్ల కీబోర్డు

దండం అక్కా, గొళ్లెం రేపే పెట్టిస్త. అన్నా, చెయ్యి పెట్టి చూసిన. కిటికీ పక్క గోడకాడ మస్తు అదురుతుంది, మెట్ల దిక్కు మూలకు ఏం తెలుస్తలేదు.

డప్పు దరువు, కరీంనగర్

గట్లయితే మైకు ఆ మూలకే. కంప్యూటర్ను కిటికీ గోడకు మార్చు. 80 వేలు జేబులనే ఉండనియ్యి, రాక్‌వూల్ కోసం ఎట్లైనా కరీంనగర్ వస్తవు, మా స్టూడియోల ఆ డైనమిక్ మైకు మీద నీ పాట ఒకటి పాడి చూస్కొని పో.