విజువల్ స్టూడియో 2022లో పాత విన్‌ఫామ్స్ ఫామ్ డిజైనర్‌లో తెరుచుకోవడం లేదు

ప్రశ్న

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద విన్‌ఫామ్స్ (విండోస్ డెస్క్‌టాప్ యాప్‌ల తెరలు తయారుచేసే లైబ్రరీ) ప్రాజెక్టు. విజువల్ స్టూడియో 2019లో బాగానే తెరుచుకునే ఫామ్‌కి 2022 డిజైనర్‌లో (ఫామ్‌ను చూస్తూ అమర్చుకునే ట్యాబ్) ఎర్రర్ పేజీ వస్తోంది. బిల్డ్ అవుతోంది, రన్ చేస్తే మామూలుగానే నడుస్తోంది. ఫామ్ మీద 32 బిట్ యాక్టివ్‌ఎక్స్ (పాత తరం విండోస్ టెక్నాలజీ) కంట్రోల్ ఒకటి ఉంది. దీన్ని డాట్‌నెట్ 8కి మార్చాలని కూడా ఉంది. మారిస్తే డిజైనర్‌లో ఇంకేం తేడాలొస్తాయి?

జవాబు 1

చిక్కంతా ఆ కంట్రోల్‌తోనే. 2022 నుంచి విజువల్ స్టూడియో 64 బిట్ ప్రాసెస్. ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టులకు డిజైనర్ ఆ ప్రాసెస్ లోపలే నడుస్తూ, కంట్రోల్‌ను నిజంగానే సృష్టించి చూపిస్తుంది. 64 బిట్ ప్రాసెస్‌లోకి 32 బిట్ డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైల్) లోడ్ కాదు. మీ ఎక్జీ 32 బిట్‌గా నడుస్తుంది కాబట్టి రన్‌లో ఇది బయటపడదు.

సోర్స్ మీ దగ్గరున్న లైబ్రరీ అయితే ఎనీ సీపీయూ (32, 64 బిట్ రెండింటిలోనూ నడిచే సెట్టింగ్)కి మార్చి బిల్డ్ చేస్తే చాలు. యాక్టివ్‌ఎక్స్‌కి ఆ దారి లేదు. 17.9 వెర్షన్‌లో టూల్స్, ఆప్షన్స్, ప్రివ్యూ ఫీచర్స్‌కి వెళ్లి, ఫ్రేమ్‌వర్క్ యాప్‌లకు అవుట్ ఆఫ్ ప్రాసెస్ డిజైనర్ (విజువల్ స్టూడియో బయట వేరే ప్రాసెస్‌లో నడిచేది) ఆప్షన్‌కి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. ప్లాట్‌ఫామ్ టార్గెట్ ఎక్స్86 (32 బిట్)గా ఉందో లేదో కూడా చూసుకోండి.

జవాబు 2

డాట్‌నెట్ 8లో డిజైనర్ ఎప్పుడూ వేరే ప్రాసెస్‌లోనే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో డిజైన్‌టూల్స్‌సర్వర్ పేరుతో కనిపించేది అదే. మామూలు బటన్లు, గ్రిడ్లకు దీనితో పేచీ లేదు. సొంత ప్రాపర్టీ ఎడిటర్ డైలాగులున్న కంట్రోళ్లే మొరాయిస్తాయి: డైలాగ్ విజువల్ స్టూడియో వైపు, కంట్రోల్ సర్వర్ వైపు ఉంటాయి గనక వాటిని డిజైనర్ ఎస్‌డీకే (దానికోసం ఉన్న డెవలపర్ కిట్)తో తిరగరాయాలి. కంట్రోల్ కొన్నదైతే, అమ్మినవాళ్ల దగ్గర కొత్త డిజైనర్‌కి సరిపడే వెర్షన్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ప్రాజెక్టు మార్చాక తెలిస్తే వెనక్కి రావడం కష్టం.

లేఅవుట్ చెదిరిపోయేది ఫాంట్ వల్ల. పాత డీఫాల్ట్ మైక్రోసాఫ్ట్ సాన్స్ సెరిఫ్ 8.25, డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి సెగో యూఐ 9. అక్షరాలు వెడల్పయ్యేసరికి లేబుళ్లు పక్క టెక్స్ట్‌బాక్సుల మీదికి వస్తాయి. ప్రాజెక్టు ఫైల్‌లో అప్లికేషన్‌డీఫాల్ట్‌ఫాంట్ ప్రాపర్టీకి పాత ఫాంట్, సైజు ఇవ్వండి. డిజైనర్ కూడా దాన్నే చదువుకుంటుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మాత్రం మెయిన్‌లో అప్లికేషన్‌కాన్ఫిగరేషన్ ఇనిషియలైజ్ కాల్ ఉంటేనే అది వర్తిస్తుంది. పాత ప్రాజెక్టుల్లో ఆ లైన్ ఉండదు, మీరే చేర్చాలి.

150 శాతం స్కేలింగ్ ఉన్న స్క్రీన్ మీద ఫామ్ తెరిచి సేవ్ చేస్తే సైజులన్నీ ఆ లెక్కలోకి మారిపోయి, డిజైనర్ ఫైల్‌లో అనవసరమైన డిఫ్‌లు (పాత ఫైల్‌తో తేడాలు) వస్తాయి. డాట్‌నెట్ ప్రాజెక్టులకు 17.8 నుంచి ఫోర్స్‌డిజైనర్‌డీపీఐఅన్‌అవేర్ ప్రాపర్టీ ఉంది. ట్రూ పెడితే డిజైనర్ ట్యాబ్ ఒక్కటే 100 శాతంలో నడుస్తుంది, ఎడిటర్ అక్షరాలు మసకబారవు.

జవాబు 3

ఒక్క మాట. ఎర్రర్ పేజీ వచ్చిన ప్రతిసారీ బిట్ల గొడవే అనుకోకండి. యూజర్ కంట్రోల్ (మీరే తయారుచేసుకున్న కంట్రోల్) కన్‌స్ట్రక్టర్‌లో, అంటే అది సృష్టి అయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో, డేటాబేస్ కనెక్షన్ తెరిచినా అదే పేజీ వస్తుంది. అక్కడ డిజైన్‌మోడ్ (డిజైనర్‌లో ఉన్నామో లేదో చెప్పే ప్రాపర్టీ) చూసి తప్పించుకుందామంటే కుదరదు, కంట్రోల్‌కి సైట్ (దాన్ని డిజైనర్‌తో కలిపే ఆబ్జెక్ట్) ఇంకా తగిలించి ఉండదు కనుక ఫాల్స్ అనే చెబుతుంది. ఆ కోడ్‌ను లోడ్ ఈవెంట్‌లోకి జరిపి, డిజైన్‌మోడ్ అక్కడ చూడండి. యూజర్ కంట్రోల్ లోపల ఇంకో యూజర్ కంట్రోల్ ఉంటే లోపలిదానికి అక్కడా ఫాల్సే వస్తుంది. కొత్త డాట్‌నెట్‌లో దానికోసమే ఈజ్‌యాన్సెస్టర్‌సైట్‌ఇన్‌డిజైన్‌మోడ్ ప్రాపర్టీ పెట్టారు.