అలాస్కా ఓడలో అమ్మకు ఏ గది తీసుకోవాలి?

వచ్చే జూలైలో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా ఓడ ప్రయాణానికి మా అమ్మను తీసుకువెళ్లాలనుకుంటున్నాను. అరకు ఘాట్ రోడ్డులో నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్లు మూసుకుని కూర్చున్నా రెండుసార్లు వాంతి చేసుకున్న మనిషి ఆమె. ఓడ ముందు, వెనుక భాగాలే ఎక్కువగా లేచి పడతాయి కనుక మధ్యలో, కింది అంతస్తులో కుదుపు తక్కువని తెలుసు. అయితే అక్కడి కిటికీలు తెరుచుకోవు, ఆమెకేమో చల్లగాలి తగిలితేనే ప్రాణం కుదుటపడుతుంది. బాల్కనీ కోసం ఎనిమిదో అంతస్తుకు వెళితే ఊగడం బాగా తెలుస్తుందా? సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమరగా, బహిరంగ సముద్రంలో వెళతాయి కాబట్టి, కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరి దీవుల చాటున సాగే ప్రయాణమే మేలా? ఇలాంటి ఇబ్బంది ఉన్న పెద్దవారిని తీసుకువెళ్లినవారు దయచేసి తెలియజేయగలరని మనవి.